ఇంటి నుంచి ఎక్కించిన డ్రాయింగ్ ఆఫీసులో ఎందుకు సేవ్ కాలేదు: ఒక ఫైల్ బ్రౌజర్ అమరిక, మొదటి నుంచి

డిజైన్ పని చేసే ఒక చిన్న ఆఫీసు. మొత్తం 14 మంది. మూలన ఒక లైనక్స్ సర్వర్, అందులో ఫోల్డర్లని ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న డ్రాయింగులు. ఆఫీసులో కూర్చున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. ఇంటి నుంచి పని చేసేవాళ్లకీ, సైట్‌కి వెళ్లేవాళ్లకీ మాత్రం ఫైళ్లు మెయిల్లోనో పెన్ డ్రైవ్‌లోనో వెళ్లేవి. అలా ఒకే డ్రాయింగ్‌కి నాలుగు కాపీలు తయారై, పాత కాపీ సైట్‌కి చేరి, దాని ప్రకారం సగం పని కూడా జరిగిపోయింది. నన్ను పిలిచింది ఆ తర్వాతే. వాళ్లు అడిగింది ఒక్కటే: "ఉన్న ఫోల్డర్లు ఉన్నట్టే బ్రౌజర్‌లో కనబడాలి. ఇంట్లో మార్చింది ఆఫీసులో, ఆఫీసులో మార్చింది ఇంట్లో వెంటనే కనబడాలి."

"ఉన్నవి ఉన్నట్టే" అన్న మాట వల్లే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేలిపోయింది. ఫైళ్లతో పాటు క్యాలెండర్లూ కాంటాక్టులూ చూసుకునే నెక్స్ట్‌క్లౌడ్ లాంటి పెద్ద సరంజామా తన దగ్గరున్న ఫైళ్ల లెక్క సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది. సాంబా దారిలో ఎవరైనా దాని ఫోల్డర్‌లో నేరుగా ఫైలు పెడితే, మళ్లీ స్కాన్ చేసేదాకా దానికి తెలియదు. బయటి ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌గా కలిపే పద్ధతి ఉంది గానీ, వీళ్లకి క్యాలెండర్లూ కాంటాక్టులూ అక్కర్లేదు. అందుకే సర్వర్‌లోని ఫోల్డర్లని వెబ్ పేజీలో చూపించే ఫైల్ బ్రౌజర్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. గో భాషలో రాసిన ఒకే ఒక్క ప్రోగ్రాం. డిస్క్ మీద ఏముందో అదే చూపిస్తుంది. యూజర్లు, సెట్టింగులు, షేర్ లింకులు అన్నీ ఒక చిన్న డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. ఈ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఇప్పుడు మెయింటెనెన్స్ దశలో ఉందని, పెద్దగా కొత్త సదుపాయాలు ఆశించవద్దని ఆఫీసు వాళ్లకి ముందే చెప్పాను. వాళ్ల అవసరానికి ఇప్పుడున్నవి చాలు.

మొదటి రోజు

డాకర్‌లో పెట్టాను, అంటే ప్రోగ్రాంని కంటైనర్ అనే విడి గదిలో నడిపే ఏర్పాటులో. బయటి ఫైలునో ఫోల్డర్‌నో ఆ గదిలోకి ఇవ్వడాన్ని మౌంట్ చేయడం అంటారు. పెట్టగానే ఆగిపోయింది. డేటాబేస్ ఫైలుని బయటి నుంచి మౌంట్ చేస్తున్నానని నా లెక్క. నిజానికి ఆ పేరుతో బయట ఇంకా ఏ ఫైలూ లేదు. లేనిదాన్ని మౌంట్ చేయమంటే కొన్ని పద్ధతుల్లో డాకర్ ఆ పేరుతో ఒక ఫోల్డర్ సృష్టిస్తుంది. ఫైలు ఉండాల్సిన చోట ఫోల్డర్ కనబడేసరికి ప్రోగ్రాం తప్పుకుంది. ఒక్క ఫైలుని కాకుండా దాన్ని పెట్టుకునే ఫోల్డర్‌నే మౌంట్ చేస్తే ఈ గొడవ ఉండదు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

అడ్మిన్ పాస్‌వర్డ్ గురించి రెండు మాటలు. పాత వెర్షన్లలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అనే ఉండేవి. కొత్త వాటిలో మొదటిసారి మొదలైనప్పుడు ఒక పాస్‌వర్డ్ తయారుచేసి లాగ్‌లో ఒకే ఒక్కసారి చూపిస్తుంది. అప్పుడే రాసిపెట్టుకోవాలి.

పోర్టు దగ్గర చాలామంది పొరబడతారు. సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉంది కదా అని ధైర్యంగా 8080 పోర్టు తెరుస్తారు. డాకర్ తెరిచే పోర్టులు ఆ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని పోతాయి. మీరు అడ్డం పెట్టారనుకున్న తలుపు తెరిచే ఉంటుంది. అందుకని పోర్టుని 127.0.0.1కి, అంటే ఆ సర్వర్ లోపలికి మాత్రమే కట్టి, వచ్చే రిక్వెస్టులని దానికి అందించే ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని ముందు పెట్టి, హెచ్‌టీటీపీఎస్ దాని మీదే నడిపించాను. బయటి నుంచి వచ్చేవాళ్లు వైర్‌గార్డ్ వీపీఎన్‌లోంచే రావాలని పట్టుబట్టాను. ఫైల్ బ్రౌజర్‌లో ఓటీపీ లాంటి రెండో అంచె లాగిన్ లేదు. పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్న పేజీని ఇంటర్నెట్‌కి ఎదురుగా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మొదట్లో ఇదో అదనపు పని అని సణిగారు, రెండు రోజులకి అలవాటైపోయింది.

అకౌంట్స్ ఫోల్డర్

యూజర్లను కలిపేటప్పుడు నేను దాదాపు చేసేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఫైల్ బ్రౌజర్‌లో ప్రతి యూజర్‌కీ ఒక స్కోప్ ఉంటుంది, అంటే అతనికి ఏ ఫోల్డర్ నుంచి లోకం మొదలవుతుందన్నది. కొత్త యూజర్‌కి మామూలుగా వచ్చే స్కోప్ ఒక చుక్క. చుక్క అంటే మొత్తం రూట్ అని అర్థం. నేను అడ్మిన్‌గా తిరుగుతూ అన్నీ బాగానే ఉన్నాయనుకున్నాను. సాయంత్రం ఒక ట్రైనీ పేరుతో లాగిన్ అయి చూస్తే జీతాల షీట్లు తెరుచుకున్నాయి.

స్కోప్ మార్చితే సరిపోయేది. ఫలానా ఫోల్డర్ కనబడకూడదని రూల్ రాసే వీలు కూడా ఉంది. నేను రెండూ నమ్ముకోలేదు. రేపు ఇంకెవరో కొత్త యూజర్‌ని కలుపుతూ స్కోప్ మర్చిపోవచ్చు. అకౌంట్స్ ఫోల్డర్‌ని అసలు కంటైనర్‌లోకే ఇవ్వడం మానేశాను. డ్రాయింగులూ ప్రాజెక్టు ఫోల్డర్లూ మాత్రమే మౌంట్ అవుతాయి. లోపల లేనిదాన్ని ఎవరూ తప్పుగా తెరవలేరు. అకౌంట్స్ చూసే ఆవిడ ఆఫీసులో సాంబా ద్వారానే పని చేస్తారు కాబట్టి ఆవిడకి ఏ తేడా రాలేదు.

ఇక్కడే ఒక అనుబంధం. పాత ప్రాజెక్టుల ఫోల్డర్‌కి వాళ్లు సింబాలిక్ లింక్ పెట్టుకుని ఉన్నారు. అది వేరే డిస్క్ మీది దారిని చూపిస్తుంది. కంటైనర్ లోపల ఆ దారి లేదు కాబట్టి బ్రౌజర్‌లో లింక్ చచ్చుబడి కనిపించింది. ఆ డిస్క్‌ని కూడా విడిగా మౌంట్ చేశాను.

మూడో రోజు ఫోన్

ఈ కేసు మొత్తంలో నాకు ముఖ్యమైనది ఇదే. ఉదయం సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ ఫోన్ చేశారు. "సార్, రాత్రి ఇంటి నుంచి ఎక్కించిన డ్రాయింగ్ ఇక్కడ తెరుచుకుంటోంది గానీ సేవ్ కావట్లేదు. రీడ్ ఓన్లీ అంటోంది. ఎక్కించింది నేనే కదా!"

ఆయన కోపం న్యాయమైనదే. ఫైల్ బ్రౌజర్‌లో ఆయనకి మార్చే హక్కు, కలిపే హక్కు అన్నీ టిక్ పెట్టి ఉన్నాయి. ఆ టిక్కులు ఫైల్ బ్రౌజర్ మాట మాత్రమే. డిస్క్ దగ్గరికి వచ్చేసరికి లైనక్స్ ఇంకో లెక్క చూస్తుంది: ఈ ఫైలు ఎవరిది, ఏ గ్రూపుది, అడుగుతున్నది ఎవరు అని. కంటైనర్ 1000 నంబర్ యూజర్‌గా నడుస్తోంది. కాబట్టి వెబ్ నుంచి ఎవరు ఎక్కించినా డిస్క్ మీద ఆ ఫైలు యజమాని 1000 నంబరే. ఆఫీసులో ఆయన సాంబాలో తన సొంత ఖాతాతో వస్తారు. లైనక్స్ దృష్టిలో వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులు.

మొన్నటిదాకా ఈ సమస్య ఎందుకు రాలేదంటే, ఆఫీసంతా ఒకే సాంబా లాగిన్ వాడుకునేవారు. ఏ ఫైలుని చివరగా ఎవరు ముట్టుకున్నారో తెలియాలని యాజమాన్యం అడగడంతో నేనే విడివిడి ఖాతాలు చేశాను. అందుకే సులువైన దారి మూసుకుపోయింది. సాంబాలో ఫోర్స్ యూజర్ అని ఒక్క లైను రాసి అందరినీ 1000 నంబర్ కింద తోసేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది. కానీ వాళ్లు అడిగిన లెక్క మళ్లీ పోయేది. అన్నిటికీ 777, అంటే ఎవరైనా ఏమైనా చేయగలిగే పర్మిషన్, ఇచ్చేయమని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. దానికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. సర్వర్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా అన్ని డ్రాయింగులనూ చెరిపేయగలిగే స్థితి అది.

కాబట్టి గ్రూపు దారి. డిజైన్ అనే గ్రూపు చేసి, నంబరు 2000 ఇచ్చి, 14 మందినీ అందులో కలిపాను. కంటైనర్‌ని 1000 యూజర్, 2000 గ్రూపుతో నడిపించాను. ఫోల్డర్లకి సెట్‌జీఐడీ బిట్ పెట్టాను. దాంతో ఆ ఫోల్డర్‌లో ఎవరు ఏ ఫైలు సృష్టించినా గ్రూపు మాత్రం డిజైన్ అవుతుంది. ఒక ఫైలు ఎక్కించి చూశాను. గ్రూపు డిజైన్ అని వచ్చింది. సేవ్ మాత్రం కాలేదు. పర్మిషన్ చూస్తే 640. ఇందులో మొదటి అంకె యజమానిది, మధ్యది గ్రూపుది, చివరిది మిగతావాళ్లది; 4 అంటే చదవడం, 2 అంటే రాయడం, 1 అంటే నడపడం, హక్కులని బట్టి వీటిని కూడతారు. అంటే యజమాని చదవచ్చు, రాయచ్చు. గ్రూపు చదవడం వరకే. సెట్‌జీఐడీ గ్రూపు పేరుని అందిస్తుంది, రాసే హక్కుని అందించదు. ఈ రెండూ ఒకటే అనుకుని గంటలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

సరే, డిఫాల్ట్ ఏసీఎల్ పెడదాం అనుకున్నాను. ఫోల్డర్ మీద "ఇందులో పుట్టే ప్రతిదానికీ డిజైన్ గ్రూపు రాయగలగాలి" అని రాసిపెట్టే పద్ధతి అది. పెట్టి, మళ్లీ ఒక ఫైలు ఎక్కించాను. మళ్లీ రీడ్ ఓన్లీ. అప్పుడు గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌తో ఆ ఫైలుని అడిగాను. డిజైన్ గ్రూపు లైనులో చదవడం, రాయడం, నడపడం మూడూ ఉన్నాయి. అదే లైనులో కుడివైపు చివరన "ఎఫెక్టివ్" అని, దాని పక్కన చదవడం ఒక్కటే. దాని కింద మాస్క్ అనే లైను, అందులోనూ చదవడం ఒక్కటే. ఇచ్చింది మూడు, చెల్లింది ఒకటి. ఈ కేసుకి తాళంచెవి ఆ ఒక్క లైను.

జరిగింది ఇది. ఒక ప్రోగ్రాం ఫైలుని సృష్టించేటప్పుడు తనకి ఏ పర్మిషన్ కావాలో తనే కెర్నెల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, చెబుతుంది. ఫైల్ బ్రౌజర్ మామూలుగా ఫైళ్లకి 640, ఫోల్డర్లకి 750 అడుగుతుంది. డిఫాల్ట్ ఏసీఎల్‌లో గ్రూపు పేరు పెట్టి హక్కు రాసినప్పుడు, ప్రోగ్రాం అడిగిన దాంట్లోని మధ్య అంకె మాస్క్‌గా మారుతుంది. 640లో మధ్య అంకె 4, అంటే చదవడం మాత్రమే. మనం ఏసీఎల్‌లో ఎంత ఉదారంగా ఇచ్చినా, మాస్క్‌ని మించి చెల్లదు.

అయితే ప్రోగ్రాం అడిగేదే మార్చుదాం. ఫైల్ బ్రౌజర్‌లో ఫైల్ మోడ్, డైరెక్టరీ మోడ్ అని రెండు సెట్టింగులున్నాయి. వాటిని 660, 770 చేయాలని కమాండ్ కొట్టాను. కాసేపు ఆగి టైమౌట్ అని వచ్చింది. ఇది చాలామందిని తికమక పెడుతుంది. దాని డేటాబేస్ బోల్ట్ రకం. ఒకసారికి ఒక ప్రోగ్రామే తెరవగలదు. సర్వర్ నడుస్తున్నంతసేపూ తాళం దాని చేతిలోనే ఉంటుంది. కంటైనర్‌ని ఆపి, సెట్టింగు మార్చి, మళ్లీ లేపాలి.

ఇక్కడ నేను ఇంకో పరీక్ష చేశాను, ఎందుకంటే రెండు మార్పుల్లో ఏది పని చేసిందో తెలియకుండా వదిలేస్తే రేపు మళ్లీ చెడినప్పుడు చీకట్లో తడుముకోవాలి. ఒక ఖాళీ ఫోల్డర్ తీసుకుని, దాని మీద ఏసీఎల్ లేకుండా, ఫైల్ మోడ్ 660తో మాత్రమే ఎక్కించాను. పర్మిషన్ మళ్లీ 640! కారణం యూమాస్క్, అంటే కొత్త ఫైళ్లకి ఏ హక్కులు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగు. అది 022 ఉంటే గ్రూపు రాసే హక్కుని పుట్టుకలోనే కోసేస్తుంది. 660 అడిగినా 640 వస్తుంది. అదే ఫోల్డర్‌కి డిఫాల్ట్ ఏసీఎల్ ఉంటే కెర్నెల్ యూమాస్క్‌ని పట్టించుకోదు.

అంటే ఏసీఎల్ ఒక్కటే పెడితే మాస్క్ కోసేస్తోంది. మోడ్ ఒక్కటే మార్చితే యూమాస్క్ కోసేస్తోంది. రెండూ కలిపి పెడితేనే దారి తెరుచుకుంటుంది. ఒక్కొక్కటి ప్రయత్నించి, పని చేయలేదని వెనక్కి తీసేసి, ఇంకొకటి ప్రయత్నించేవాళ్లకి ఈ సమస్య ఎప్పటికీ తెగదు. నేనూ మధ్యాహ్నం దాకా అలాగే తిరిగాను.

రెండూ పెట్టి ఎక్కించాను. లిస్ట్‌లో పర్మిషన్ల చివర ఒక చిన్న కూడిక గుర్తు, ఏసీఎల్ ఉందన్నదానికి సంకేతం. గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌లో మాస్క్ లైనులో చదవడం, రాయడం రెండూ. డ్రాఫ్ట్స్‌మన్‌కి ఫోన్ చేస్తే ఆయన లైన్లో ఉండగానే సేవ్ కొట్టారు. అయింది.

మర్నాడు ఉదయం ఇదే కథ ఎదురు దిశలో. ఆఫీసులో సాంబా ద్వారా పుట్టిన ఫైలుని ఇంటి నుంచి మార్చబోతే కుదరలేదు. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది. సాంబాలో కొత్త ఫైళ్లకి ఇచ్చే పర్మిషన్ హద్దు క్రియేట్ మాస్క్, అది మామూలుగా 744 ఉంటుంది. మధ్య అంకె మళ్లీ 4. దాన్ని 660 చేసి, డైరెక్టరీ మాస్క్‌ని 2770 చేశాను (ముందున్న 2 సెట్‌జీఐడీది). అప్పటికే ఉన్న వేల ఫైళ్లకి, ఏసీఎల్ రాసే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌ని మొత్తం చెట్టు మీద నడిపాను. అందులో నడిపే హక్కుకి పెద్ద ఎక్స్ వాడాలి, చిన్నది కాదు. పెద్ద ఎక్స్ అయితే ఫోల్డర్లకీ, ముందే ఆ హక్కు ఉన్నవాటికీ మాత్రమే ఇస్తుంది. చిన్నది వాడితే ప్రతి డ్రాయింగూ నడిపించదగ్గ ప్రోగ్రాం అయి కూర్చుంటుంది.

వెబ్ నుంచి ఎక్కించినవన్నీ డిస్క్ మీద 1000 నంబర్ పేరుతోనే ఉంటాయన్న లోటు మాత్రం తీరలేదు. దాన్ని యాజమాన్యానికి కాగితం మీద రాసిచ్చాను. ఎవరు ఎక్కించారన్నది వెబ్ దారిలో ఫైలు యజమాని పేరు చూసి తెలియదు.

పెద్ద ఫైళ్లు, నిండిన డిస్క్

ఎక్కించేటప్పుడు 413 ఎర్రర్ వస్తే అది ఇంజిన్ఎక్స్ దగ్గరే ఆగిందని అర్థం. అది ఒప్పుకునే రిక్వెస్ట్ పరిమాణం మామూలుగా 1 ఎంబీ. ఫైల్ బ్రౌజర్ ఇప్పుడు టస్ అనే పద్ధతిలో ఫైలుని 10 ఎంబీ ముక్కలుగా పంపుతుంది. కాబట్టి పరిమితి ఆ ముక్క కంటే పెద్దదైతే చాలు. నేను 20 పెట్టాను. ముక్కలుగా పోవడం వల్ల మధ్యలో నెట్ తడబడినా మొత్తం మొదటి నుంచి ఎక్కించాల్సిన పని సాధారణంగా పడదు.

దించేటప్పుడు వచ్చింది ఇంతకంటే వింతైనది. రెండో వారంలో ఒక మధ్యాహ్నం సర్వర్ రూట్ డిస్క్, అంటే సిస్టం ఉండే డిస్క్, 100 శాతం నిండింది. డ్రాయింగులు వేరే డిస్క్ మీద ఉన్నాయి, దాంట్లో చోటు బోలెడు. రూట్‌లో ఏ ఫోల్డర్ ఎంత తింటోందో డీయూతో లెక్కపెడితే మొత్తం సగం కూడా రాలేదు. మొత్తం డిస్క్ లెక్క చెప్పే డీఎఫ్ నిండింది అంటుంది, డీయూ లేదంటుంది. ఇలాంటి చోట ఒకటే అనుమానించాలి: పేరు చెరిపేసినా ఇంకా ఎవరో తెరిచిపట్టుకున్న ఫైలు. తెరిచి ఉన్న ఫైళ్లని చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూస్తే ఇంజిన్ఎక్స్ చేతిలో అలాంటివి వరసగా కనిపించాయి.

ఫోల్డర్ మొత్తం డౌన్‌లోడ్ చేస్తే ఫైల్ బ్రౌజర్ అప్పటికప్పుడు జిప్ చేస్తూ పంపుతుంది. అది వేగంగా పంపుతుంది, ఇంట్లో ఉన్న మనిషి నెట్ నెమ్మది. మధ్యలో ఇంజిన్ఎక్స్ మిగిలిన సరుకుని తాత్కాలిక ఫైల్లో దాచుకుంటుంది. ఒక్కో డౌన్‌లోడ్‌కి 1024 ఎంబీ వరకు దాచుకోవచ్చని దాని మామూలు సెట్టింగు. సృష్టించగానే పేరు తీసేస్తుంది కాబట్టి డీయూకి కనబడదు. ఆ రోజు ఎక్కువమంది ఒకేసారి ప్రాజెక్టు ఫోల్డర్లు దించుకుంటున్నారు. రూట్ డిస్క్ చిన్నది. మామూలు వెబ్‌సైట్‌కి ఈ దాచుకోవడం మంచిదే. ఇక్కడ దాన్ని ఆపకుండా వదిలింది నేను. ప్రాక్సీ బఫరింగ్ అనే ఈ దాచుకోవడాన్ని ఆపేశాను, ఎక్కించే వైపు రిక్వెస్ట్ బఫరింగ్ కూడా. చదివే గడువు మామూలుగా 60 సెకన్లు, దాన్ని పెంచాను. ఎర్రర్ లాగ్‌లో తిరిగి చూస్తే, రెస్పాన్స్‌ని తాత్కాలిక ఫైల్లో పెడుతున్నానని మొదటి రోజు నుంచీ హెచ్చరిస్తూనే ఉంది. నేను ఆ లాగ్ తెరవలేదు.

చెత్తబుట్ట లేదు

ఇది అన్నిటికంటే ముందు చెప్పాల్సింది, అన్నిటికంటే ముందు చేయాల్సింది కూడా. ఫైల్ బ్రౌజర్‌లో డిలీట్ అంటే డిలీటే. రీసైకిల్ బిన్ లేదు. ఒకమ్మాయి పాత కాపీ అనుకుని ఆ రోజు నడుస్తున్న ప్రాజెక్టు ఫోల్డర్‌ని తీసేసింది. ముందు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి ప్రాజెక్టు దక్కింది. ఉదయం నుంచి ముగ్గురు చేసిన పని పోయింది. ఆ అమ్మాయి ఏడుస్తుంటే తప్పు తనది కాదు, నాదని అందరి ముందూ చెప్పాను. ఒక్క క్లిక్కుతో తిరిగిరానంతగా పోయే ఏర్పాటుని 14 మంది చేతికి ఇచ్చింది నేనే.

ఆ రోజే డిలీట్ హక్కు ఇద్దరికి తప్ప అందరికీ తీసేశాను. గంటకోసారి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో కాపీ తీయించాను. మారని ఫైళ్లని మళ్లీ కాపీ చేయకుండా, ఉన్నదానికే ఇంకో పేరు తగిలించే హార్డ్ లింకులు వేసే పద్ధతి కాబట్టి, ఎన్ని కాపీలున్నా డిస్క్ మీద పడే భారం మారిన ఫైళ్లదే. ఆ కాపీలుండే చోటు కంటైనర్‌కీ సాంబాకీ రెండిటికీ కనబడదు. ఫైల్ బ్రౌజర్ డేటాబేస్‌ని కూడా రాత్రిళ్లు కంటైనర్ కొన్ని సెకన్లు ఆపి కాపీ తీసుకుంటున్నాను. అది పోతే యూజర్లందరినీ మళ్లీ కలుపుకోవాలి.

కమాండ్లు నడిపే సదుపాయం ఇందులో ఉంది, భద్రతా లోపాలు బయటపడ్డాక కొత్త వెర్షన్లలో దాన్ని మామూలుగా ఆపేసే ఇస్తున్నారు. దాన్ని అలాగే వదిలేశాను. షేర్ లింకుకి గడువు రాయకపోతే అది శాశ్వతంగా ఉంటుంది. ఇక్కడ అంతా వీపీఎన్ వెనకే కాబట్టి షేర్ హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

అప్పగించే రోజు డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఆ అమ్మాయిని పక్కపక్కన కూర్చోబెట్టాను. అమ్మాయి తన ఫోన్ నెట్‌తో వీపీఎన్‌లోకి వచ్చి, బ్రౌజర్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేసి, అందులో డ్రాయింగ్ ఎక్కించింది. ఆయన ఆఫీసు కంప్యూటర్లో సాంబా దారిలో దాన్ని తెరిచి, ఒక గీత జరిపి, సేవ్ చేశారు. తను మళ్లీ దించుకుని చూసి, జరిగిన గీతని వేలితో చూపించింది. తర్వాత ఆ ఫోల్డర్‌ని డిలీట్ చేయమన్నాను. తనకి ఆ బటనే కనబడలేదు. డిలీట్ హక్కున్న ఇద్దరిలో ఒకరితో చెరిపించి, ఆ గంట కాపీలోంచి అమ్మాయి చేతే వెనక్కి తెప్పించాను.